ఏ ఊరు బాబూ మీది?

"అడగనిదే అమ్మయినా పెట్టదు" అని పెద్దలు ఊరికే అనలేదు. అన్నం సంగతి ఎలా ఉన్నా, దారి విషయంలో ఈ మాట ఎంత నిజమో మూడేళ్ళుగా మోటారు సైకిళ్ళ మీద తిరిగి మేము తెలుసుకున్నాం. మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు కవిత రాద్దామా, కథ రాద్దామా అని కొంత తర్జనభర్జన పడి, చివరకు మాకు బాగా తెలిసిన సంగతే రాద్దామని కూర్చున్నాం.

మేము అంటే నలుగురం. ఈ హాస్టల్లో ఉండే డిగ్రీ పూర్తి చేసి, ఇప్పుడు విశాఖలోనే పీజీ చదువుతున్నాం. మాకు రెండు బళ్ళున్నాయి. రెండూ సెకండ్ హ్యాండ్ బళ్ళే. మాది షికార్ల ప్రయాణం కాదని మన హాస్టల్లో అందరికీ తెలుసు. వేసవి సెలవుల తరువాత హాస్టల్ తెరిచాక హాజరు పట్టీలో కొన్ని పేర్ల ఎదుట సంతకం పడదు. పది రోజులు చూస్తాం, ఫోన్లు చేస్తాం. ఫోను పలకకపోతే బండి తీస్తాం. ఆ కుర్రాడు ఎందుకు రాలేదో కనుక్కుని, వీలైతే వెనక కూర్చోబెట్టుకుని రావడం మా పని. ఒకసారి ఇచ్ఛాపురం వైపు, ఒకసారి తుని వైపు, ఒకసారి చింతపల్లి వైపు. పెట్రోలుకు పాత విద్యార్థులు తలా కొంచెం వేస్తారు. ఒక్క రోజులో మూడు వందల కిలోమీటర్లు తిరిగి వచ్చిన సందర్భాలున్నాయి.

ఇన్ని ఊళ్ళు తిరిగేటప్పుడు దారి ఎలా తెలుసుకున్నామన్నదే ఈ వ్యాసం.

రోడ్డు మీది గుర్తులు

విశాఖవాళ్ళకు పుట్టుకతో వచ్చిన దిక్సూచి ఒకటుంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు తూర్పు కనుమలు. శ్రీకాకుళం వైపు పోతుంటే సముద్రం కుడిచేతి వైపు, కొండలు ఎడమచేతి వైపు. తుని, రాజమండ్రి వైపు పోతుంటే అది తారుమారవుతుంది. ఎంత పెద్ద కూడలిలో తికమక పడినా కొండలు ఎటున్నాయో చూసుకుంటే సగం సంగతి తేలిపోతుంది. మనం శ్రీకాకుళాన్ని 'ఉత్తరం' అంటాం గాని మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. అందుకే పొద్దున్నే శ్రీకాకుళం బయలుదేరితే ఎండ కుడి పక్క నుంచి ముఖం మీద కొడుతుంది. ఎండ వీపున తగులుతోందంటే బండి వేరే వైపు పోతోందన్నమాట.

రెండో గుర్తు నదులు. విశాఖ దాటి పెద్ద రోడ్డు మీద పోతుంటే తగరపువలస దగ్గర గోస్తనీ, నాతవలస దగ్గర చంపావతి, శ్రీకాకుళంలో నాగావళి, మడపాం దగ్గర వంశధార, ఆ పైన మహేంద్రతనయ, చివర ఇచ్ఛాపురంలో బాహుదా. ఇటు దక్షిణానికి పోతే అనకాపల్లి దగ్గర శారద, తరువాత వరాహ, తుని దగ్గర తాండవ. మా నలుగురిలో తెలుగు ఎం.ఏ. చదివేవాడు వీటిని ఎక్కాల్లాగా మాచేత వల్లె వేయించాడు. ఏ వంతెన దాటామో తెలిస్తే ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. చీకట్లో బోర్డులు కనిపించకపోయినా వంతెన ఎక్కినట్టు చక్రాల చప్పుడే చెబుతుంది.

మూడోది మైలు రాళ్ళు. ఇప్పుడు అవి కిలోమీటరు రాళ్ళే అయినా మన నోట మైలు రాళ్ళే. పైభాగాన పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగు ఉంటే గ్రామీణ రోడ్డు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్ల మీద ఈ నారింజ రాళ్ళు కనిపిస్తాయి. పసుపు రాయి నుంచి ఆకుపచ్చ రాయికి, అక్కణ్ణుంచి నారింజ రాయికి వచ్చామంటే మనవాడి ఊరు దగ్గరపడుతోందని లెక్క. నారింజ రాయి కూడా అయిపోయాక ఏ రాయీ ఉండదు. మనవాళ్ళ ఇళ్ళు చాలావరకు అక్కడే ఉంటాయి.

నాలుగోది నంబర్లు. వీటితో జాగ్రత్తగా ఉండాలి. మన ఊరి మీదుగా చెన్నై నుంచి కోల్‌కతా పోయే రహదారికి పూర్వం 5 అని నంబరు. 2010లో దేశమంతటా నంబర్లు మార్చినప్పుడు అది 16 అయింది. నాతవలస దగ్గర విడిపోయి విజయనగరం, సాలూరు మీదుగా రాయపూర్ వైపు పోయే 43వ నంబరు రోడ్డు 26 అయింది. కాని లారీ డ్రైవర్లను, పాతకాలం మనుషులను అడిగితే ఇప్పటికీ 'అయిదో నంబరు రోడ్డు' అంటారు. ఇంకా పెద్దవాళ్ళయితే 'ట్రంకు రోడ్డు' అంటారు. ఫోనులో చూస్తే 16 అంటుంది. మూడూ ఒక రోడ్డే. బళ్ళ నంబర్లూ అంతే. 30 శ్రీకాకుళం, 31 విశాఖ, 35 విజయనగరం అని గుర్తుపట్టి, ఆ జిల్లా బండివాణ్ణి పిలిచి దారి అడిగేవాళ్ళమని మా సీనియర్లు చెబుతారు. 2019 నుంచి కొత్త బళ్ళకు రాష్ట్రమంతా 39 అనే ఒకే నంబరుతో మొదలుపెట్టడంతో ఆ గుర్తు పోయింది. 2022 ఏప్రిల్లో జిల్లాలు కూడా మారాయి. చింతపల్లి, పాడేరు, అరకు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. అయినా అక్కడి ముసలివాళ్ళ నోట అది 'విశాఖ ఏజెన్సీ'యే.

శ్రీకాకుళం వైపు నుంచి రాత్రిపూట తిరిగి వచ్చేటప్పుడు ఆనందపురం దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. అక్కడి నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి ఆరు వరుసల కొత్త రోడ్డు వేశారు. నిద్రమత్తులో వెడల్పు రోడ్డు పట్టుకుని సాగితే ఊళ్ళోకి రాకుండానే అనకాపల్లి చేరిపోతాం. మధురవాడ వైపు తిరిగితేనే విశాఖ. తుని వైపు నుంచి వచ్చేవారికి ఈ బెంగ తక్కువ. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం పొగగొట్టాల దీపాలు కనిపిస్తాయి. లంకెలపాలెం దాటాక ఉక్కు కర్మాగారం దీపాలు వస్తాయి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేర్లు, తల్లి పేరు పెట్టుకున్న కొలుములు రాత్రంతా మండుతూ ఉంటాయి. అవి కనబడితే ఇల్లు చేరినంత ధైర్యం. అరకు వైపు కొండల్లో రైలు పట్టాలే గుర్తు. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని మన రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన లైను అది. బరువుగా ఖనిజం నింపుకుని దిగుతున్న గూడ్సు బండి మన విశాఖకే వస్తోందని అర్థం.

ఫోను చూపే దారి

ఇంత చాదస్తం ఎందుకు, జేబులో ఫోనుంది కదా అని తమ్ముళ్ళు అంటారు. మాకూ ఫోనంటే ఇష్టమే. 2017 డిసెంబరులో గూగుల్ మ్యాప్స్‌లో ద్విచక్ర వాహనాలకు వేరే పద్ధతి పెట్టారు. అది మొదట వచ్చింది మన దేశంలోనే. మరుసటి ఏడు తెలుగులో దారి చెప్పడం కూడా మొదలుపెట్టింది. జేబులో ఫోను, చెవిలో తీగ, "రెండు వందల మీటర్ల తరువాత ఎడమవైపు తిరగండి" అని మర్యాదగా చెప్పే గొంతు. ఇంతకంటే ఏం కావాలి?

అయితే అది పనిచేసే తీరు తెలిసి ఉండాలి. మనం ఎక్కడున్నామో ఫోనుకు చెప్పేవి ఆకాశంలోని ఉపగ్రహాలు. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే చాలు, టవరు సిగ్నలు లేకపోయినా మన చోటు తెలిసిపోతుంది. మన దేశం కూడా 2013 నుంచి 2016 లోపల శ్రీహరికోట నుంచి ఏడు ఉపగ్రహాలు ఇందుకోసమే పంపి, ఆ ఏర్పాటుకు 'నావిక్' అని పేరు పెట్టింది. కాని చోటు వేరు, పటం వేరు. పటం మాత్రం నెట్ నుంచి దిగాలి. ఘాట్ రోడ్డు ఎక్కాక సిగ్నలు పోతే తెరమీద నీలం చుక్క కదులుతూనే ఉంటుంది, చుట్టూ తెల్ల కాగితం. ముందురోజే హాస్టల్లో కూర్చుని ఆ ప్రాంతం పటం ఫోనులో దాచుకుంటే ఈ చిక్కు ఉండదు.

పటం దాచుకున్నా ఒక లోటు తీరదు. గీత ఉంటే దారి ఉందంటుంది గాని, నిన్న కురిసిన వానకు గెడ్డ పొంగిందో లేదో చెప్పదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ఫోను చూపిన దారిన పోయి, వరదకు తెగిన వంతెన మీంచి కారు నదిలో పడి ముగ్గురు చనిపోయారు. ఆ వార్త మేము మెస్‌లో కూర్చుని చదివాం. ఆ రోజు నుంచి నీళ్ళు అడ్డం వచ్చే ప్రతిచోటా బండి ఆపి మనిషిని అడగడం నియమంగా పెట్టుకున్నాం.

మా నలుగురిలో ఒకడి నాన్న రేవులో కలాసీ. ఆయన ఒకమాట చెప్పాడు. దేశదేశాల సముద్రాలు దాటి, లోపల అన్ని యంత్రాలూ పెట్టుకుని వచ్చిన ఓడ అయినా సరే, డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి మన రేవులోకి వచ్చే ముందు బయట ఆగుతుందట. రేవు పైలట్ పడవలో వెళ్ళి ఎక్కి, ఆ కాలువలో ఓడను ఎలా నడపాలో కెప్టెన్‌కు చెబుతాడు. 1933లో రేవు తెరిచినప్పటి నుంచి ఎన్ని వేల ఓడలు వచ్చాయో! అంత కెప్టెనుకే స్థానికుణ్ణి అడగడం నామోషీ కానప్పుడు మనకెందుకు?

అడిగితే ఎదురయ్యే ప్రశ్న

మనకెందుకో మనకు తెలుసు. ఫోనంటే మనకు అంత ఇష్టం ఎందుకో కూడా తెలుసు. ఫోను దారి చెబుతుంది గాని, నువ్వెవరివి అని అడగదు.

ఊళ్ళో దారి అడిగితే మొదటి ప్రశ్న "ఏ ఊరు బాబూ మీది?" అది ఎవరైనా అడుగుతారు, ఆప్యాయంగానే అడుగుతారు. రెండోది "ఎవుల తాలూకు?" మూడోది "ఏ వీధోళ్ళు?" మూడు జవాబులూ విన్నాక అవతలివాడి మాట ఎలా మారుతుందో ఈ సంచిక చదివేవాళ్ళకు మేము వివరించనక్కరలేదు.

రెండేళ్ళ కిందట ఒక పల్లపు ఊళ్ళో రావిచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దమనిషిని మనవాడి ఇంటికి దారి అడిగాం. ఆయన ముందు "కూర్చోండి బాబూ, ఎండన పడి వచ్చారు" అన్నాడు. విశాఖ నుంచి వచ్చామన్నాం, చదువుకుంటున్నామన్నాం. సంతోషించాడు. ఆ తరువాత ఆ మూడు ప్రశ్నలూ అడిగాడు. జవాబు చెప్పాం. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. చెయ్యి ఎత్తకుండా గడ్డంతోనే చూపించి "చెరువు గట్టు దాటి ఎడమకి తిరుగు, మీ పేట అక్కడే" అన్నాడు. దారి మాత్రం ఆయన తప్పు చెప్పలేదు. చెరువు గట్టు దాటి ఎడమకు తిరిగితే పేట అక్కడే ఉంది.

బాబాసాహెబ్ అంబేద్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకం మన లైబ్రరీ బీరువాలో ఉంది. తమ్ముళ్ళందరూ చదవాలి. 1901లో చిన్న పిల్లవాడుగా ఉన్నప్పుడు సతారా నుంచి గోరేగాఁవ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరకు తోటి పిల్లలతో చేసిన ప్రయాణం అందులో మొదటి సంగతి. మసూర్ స్టేషన్లో రైలు దిగారు. మంచి బట్టలు వేసుకున్న ఆ పిల్లల్ని చూసి స్టేషను మాస్టరు ఆదరంగా పలకరించాడు. ఎవరని అడిగాడు. మహర్లమని చెప్పగానే ముఖం మారిపోయింది. బండివాళ్ళు ఎవరూ రామన్నారు. చివరకు ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. ఆ పిల్లలే బండి తోలుకోవాలి, అతను పక్కన నడిచి వస్తాడు. రాత్రి టోలు గేటు దగ్గర ఆగితే తాగడానికి నీళ్ళు దొరకలేదు. ఇప్పుడు జాతీయ రహదారి మీద టోలు గేట్ల దగ్గర మోటారు సైకిలుకు పైసా కట్టకుండా పక్క సందులోంచి దాటిపోతూ, అక్కడి కుళాయి నీళ్ళు తాగేటప్పుడు మాలో ఎవడో ఒకడు ఆ సంగతి ఎత్తుతాడు.

ఇన్ని ఊళ్ళు తిరిగాక మేము అడిగే పద్ధతి మార్చుకున్నాం. ప్రశ్నలు వచ్చేదాకా ఆగం. బండి ఆపి, ఇంజను కట్టేసి, హెల్మెట్ తీసి, దిగి నిలబడి ముందే చెప్పేస్తాం. "మేము విశాఖ సాంఘిక సంక్షేమ హాస్టల్ నుంచి వచ్చామండి. మీ ఊరి ఎస్సీ కాలనీలో మావాడి ఇల్లుంది. దారి చెప్పండి." అంతే. అడగడానికి ఇంకేమీ మిగలదు. కొందరు ముక్తసరిగా చెబుతారు. కొందరు మేము అనుకోనంత మంచిగా, కుర్రాణ్ణి పంపించి మరీ ఇల్లు చూపిస్తారు. ఎవరు ఎలా చెప్పినా మా గొంతు మాత్రం మొదటి మాట నుంచి చివరి మాట వరకూ ఒకేలా ఉంటుంది. అది అలవాటు కావడానికి మాకు చాలా ఊళ్ళే పట్టాయి.

అడగాల్సిన పని లేని గుర్తు కూడా ఒకటుంది. చాలా ఊళ్ళలో మన పేట మొదట్లో బాబాసాహెబ్ విగ్రహం ఉంటుంది. నీలం కోటు, చేతిలో పుస్తకం, ఎత్తిన చూపుడు వేలు. "ఆయన వేలు ఎటు చూపిస్తే అటు పోరా" అని మాలో ఒకడు పరాచికాలాడతాడు. వేలు ఒక్కోసారి పొలాల్లోకి చూపిస్తుందనుకోండి! విగ్రహం కనబడ్డాక మాత్రం ఇక ఎవరినీ అడగనక్కరలేదు. అరుగు మీద కూర్చున్న అవ్వలే "హాస్టల్ కుర్రోళ్ళొచ్చినారు" అని ఎదురొస్తారు.

దారి దొరికినా మనిషి దొరకని సందర్భాలూ ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరికి అయిదుగురిని అడుగుతూ చేరాం. ఇంటికి తాళం. బిల్డింగు పనులకని ఇంటిల్లిపాదీ చెన్నై పోయి నెలరోజులైందని పక్కింటివాళ్ళు చెప్పారు. కుర్రాడి పుస్తకాల సంచి కిటికీలోంచి కనిపించింది. చెన్నైలో ఎక్కడని ఎవరిని అడగాలి? ఆ పేరు ఎదుట ఇంకా సంతకం పడలేదు.

గెడ్డ దాటిన కథ

దొరికిన కథ ఒకటి చెబుతాం. అందులోని కుర్రాడు ఇప్పుడు మన హాస్టల్లోనే ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు.

నిరుడు జూలైలో పరీక్ష ఫీజు కట్టడానికి ఇంక రెండు రోజులే గడువు. వాళ్ళ నాన్న పోయాడని మాత్రం తెలుసు. ఫోను పలకదు. ఊరు చింతపల్లి అవతల కొండల్లో. తెల్లవారుజామున బయలుదేరి అనకాపల్లి, తాళ్ళపాలెం కూడలి, నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కి లంబసింగి చేరేసరికి వాన పట్టుకుంది. డిసెంబరులో మంచు చూడటానికి జనం బారులు తీరే రోడ్డు అది. ఈ ప్రాంతంలో రోడ్డు పనులకు మన్యం జనం చేత సరైన కూలి ఇవ్వకుండా వెట్టిచాకిరీ చేయించడం 1922లో అల్లూరి నాయకత్వాన జరిగిన తిరుగుబాటుకు ఒక కారణమని చదువుకున్నాం. ఆ ఆగస్టు 22న మొదట ముట్టడించినది చింతపల్లి పోలీసు స్టేషనునే.

చింతపల్లి దాటాక సిగ్నలు పోయింది. ఫోనులో దాచుకున్న పటం మీద గీత ఉంది. ఆ గీత పట్టుకుని పోతే రోడ్డు ఒక గెడ్డలోకి దిగింది. నీళ్ళు ఎర్రగా, జోరుగా పోతున్నాయి. అవతలి గట్టున రోడ్డు కనిపిస్తూనే ఉంది. రెండు బళ్ళ మీద ముగ్గురం ఉన్నాం. దిగితే దాటేయొచ్చుననే అనిపించింది. నియమం ప్రకారం బండి ఆపి మనిషి కోసం చూశాం. పావుగంటకు కట్టెల మోపుతో ఒక అమ్మ వచ్చింది. తెలుగు తక్కువ. నీళ్ళు చూపించి అరచెయ్యి గుండె దాకా పెట్టి వద్దని తల తిప్పింది. తరువాత ఆవిడ అడిగిన ప్రశ్న మాకు బాగా గుర్తుండిపోయింది.

"ఎవురింటికి?"

ఎక్కడి నుంచి వచ్చారని అడగలేదు, ఎవరింటికి పోతున్నారని అడిగింది. కుర్రాడి పేరు, తండ్రి పేరు చెప్పాం. మోపు దించి, మట్టిలో పుల్లతో గీసి చూపించింది. వెనక్కి పోయి బడి దగ్గర పైకి తిరగాలి, రెండు మలుపులు ఎక్కాక బళ్ళు అక్కడే వదిలెయ్యాలి, గట్టు మీదుగా నడవాలి. ఫోనులో ఆ దారి గీత లేనే లేదు. గంటన్నర నడిచాం. కుర్రాడు పొలంలో ఉన్నాడు.

వాళ్ళమ్మ మాటలే మాకు కష్టమయ్యాయి. "మీరు బండెక్కించి తీసుకుపోతారు బాబూ. మల్లీ ఆగిపోతే ఆడికి దారి ఎవులు చెప్తారు?" అంది. ఆమె రోడ్డు గురించి అడగడం లేదు. మా నలుగురి ఇళ్ళల్లోనూ డిగ్రీ చదివినవాళ్ళలో మేమే మొదటివాళ్ళం కాబట్టి ఆ ప్రశ్న మాకు అర్థమైంది. దరఖాస్తు ఎక్కడ పెట్టాలి, స్కాలర్‌షిప్పు ఆగితే ఏ గుమ్మం ముందు నిలబడాలి, కౌన్సెలింగుకు ఏ కాగితాలు కావాలి అని ఇంట్లో అడగడానికి మాకూ ఎవరూ లేరు. "హాస్టల్లో అడుగుతాడమ్మా, మేమున్నాం" అన్నాం. అంతకంటే చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

ఆమె ఒక రాత్రి ఆలోచించుకుని పొద్దున పంపింది. గడువు రోజు మధ్యాహ్నం ఫీజు కట్టాం. పరీక్షలు రాశాడు. ఈ ఏడు ఏజెన్సీ వైపు వెళ్ళినప్పుడల్లా ముందు బండి మీద దారి చెబుతూ కూర్చునేది అతనే. ఏ గెడ్డ ఎటు పోతుందో అతనికి కొట్టిన పిండి. గెడ్డ వెంట పోతే సముద్రం వైపు దిగుతామని మైదానంవాళ్ళం అనుకుంటాం. పాడేరు అవతల మత్స్యగెడ్డ సముద్రం వైపు రాదని, ఒడిశా వైపు పోయి జోలాపుట్ జలాశయంలో కలిసి, సీలేరుగా, శబరిగా చివరకు గోదావరిలో పడుతుందని అతనే మాకు చెప్పాడు.

దారి పుస్తకం

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830-31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో మన గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల మీదుగా వచ్చారు. దారిలో ప్రతి మజిలీ, ఊళ్ళ మధ్య దూరాలు, నదులు, బసకు వీలున్న చోట్లు రాసిపెట్టారు. అదే 'కాశీయాత్ర చరిత్ర'. రెండు వందల ఏళ్ళ కిందట మన రోడ్లు ఎలా ఉండేవో ఇప్పటికీ దాన్ని చూసి తెలుసుకుంటున్నాం. ఆయన పల్లకీలో ప్రయాణం చేశారు. ఆ పల్లకీ మోసిన బోయీలకు కూడా దారి తెలుసు. వాళ్ళు రాసుకోలేదు గనుక వాళ్ళకు తెలిసినది వాళ్ళతోనే పోయింది.

ఆ పుస్తకం గురించి మాట్లాడుకుంటుండగా మాకొక ఆలోచన వచ్చింది. ఒక పెద్ద లెడ్జరు పుస్తకం కొని, హాస్టల్ ఆఫీసు గదిలో పెట్టాం. దానికి 'దారి పుస్తకం' అని పేరు. ఒక్కొక్క విద్యార్థికి ఒక పేజీ. ఏ బస్సు ఎక్కాలి, ఏ కూడలిలో దిగాలి, ఏ గుర్తు దగ్గర తిరగాలి, వానాకాలం ఏ గెడ్డ పొంగుతుంది, పొంగితే చుట్టుదారి ఏది, సిగ్నలు ఎక్కడిదాకా వస్తుంది, ఊళ్ళో ఎవరిని అడిగితే మంచిగా చెబుతారు. ఆఖరి వరుసలో, ఇంటికి తాళం ఉంటే ఎవరిని కలవాలి. ఈ వరుస చెన్నై పోయిన కుర్రాడి తరువాత చేర్చాం.

దూర ప్రయాణాలు చేసే తమ్ముళ్ళకు మా అనుభవంలోంచి మరి నాలుగు మాటలు:

దారి అడిగేటప్పుడు "ఇటేనా?" అని అడగకండి. మొహమాటానికో, తొందరకో "ఆఁ" అనేస్తారు. "ఎటు?" అని అడగండి. అప్పుడు తెలిసినవాడే చెబుతాడు.

ఒకరిని అడిగి ఊరుకోకండి. కిలోమీటరు పోయాక మరొకరిని అడగండి. కిరాణా కొట్టు, పోస్టుమాను, ఆశా కార్యకర్త, ఆర్టీసీ కండక్టరు, వీళ్ళకు తెలియని ఇల్లుండదు.

కొండల్లో ఎన్ని కిలోమీటర్లని కాక ఎంతసేపని అడగండి. ఎక్కేముందు టాంకు నింపుకోండి. మీటరు మీద అంకె కాగితం మీద రాసుకోండి, వెనక్కి రావలసి వస్తే పనికొస్తుంది.

నీళ్ళు రోడ్డు మీదుగా పోతుంటే అవతలి గట్టు ఎంత దగ్గరగా కనిపించినా మనిషి వచ్చేదాకా ఆగండి.

దారి పుస్తకంలో ఇప్పటికి అరవై ఒక్క పేజీలు నిండాయి. ఈ ఏడు చేరినవాళ్ళవి ఇంకా చాలా ఖాళీగా ఉన్నాయి. మేము వచ్చే ఏడాది ఎక్కడుంటామో తెలియదు. ఉద్యోగాలు వస్తే ఏదో ఒక ఊరు పోతాం. బళ్ళు తీసేవాళ్ళు వేరేవాళ్ళుంటారు, వాళ్ళకు మీ ఊరు తెలియదు. కాబట్టి తమ్ముళ్ళూ, వేసవి సెలవులకు పెట్టె సర్దుకునే ముందు ఆఫీసు గదిలోకి వెళ్ళి, మీ పేజీ మీ చేతిరాతతో నింపి వెళ్ళండి.